ఏ పనికి, ఏ వేళకు, ఏ ఇంధనం: ప్రత్యామ్నాయ ఇంధన వనరుల పోలిక, ఎంపిక

సౌర విద్యుత్తు మేలా, పవన విద్యుత్తు మేలా, అణు విద్యుత్తు లేకుండా గడుస్తుందా అని అడిగేవారికి ఒక్క పేరు చెప్పి పంపడం సులభమే గాని, ఆ జవాబు చాలా సందర్భాల్లో తప్పుదారి పట్టిస్తుంది. రాత్రి ఎనిమిదింటికి వెలగవలసిన దీపం, ఇనుప ఖనిజాన్ని కరిగించే కొలిమి, సముద్రం దాటే ఓడ, చలికాలంలో వెచ్చగా ఉండవలసిన గది, ఇవన్నీ ఇంధనాన్ని కోరేవే అయినా, ఒక్కొక్కటి కోరే రూపం వేరు, వేళ వేరు. అందుకే ఈ పోలికను వనరుల జాబితాతో కాక, అవసరంతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పని ఏమిటో, అది ఏ గంటలో జరగాలో తేలితే, వనరుల్లో సగం వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

ప్రపంచ ఇంధన ఖాతా

ప్రపంచం ఏటా వాడుతున్న ప్రాథమిక ఇంధనం, అంటే విద్యుత్తుగానో కదలికగానో మారకముందు లెక్కించే మొత్తం, 600 ఎక్సాజౌళ్లకు పైమాటే. ఒక ఎక్సాజౌల్ అంటే సుమారు 27,800 కోట్ల యూనిట్ల విద్యుత్తుతో సమానం. ఈ మొత్తంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఇప్పటికీ బొగ్గు, చమురు, సహజ వాయువుల నుంచే వస్తున్నాయి. 2023లో పునరుత్పాదక వనరుల వాటా తొలిసారి 30 శాతం దాటిందన్న వార్త నిజమే గాని, అది విద్యుదుత్పత్తిలో వాటా మాత్రమే. వినియోగదారుల చేతికి చేరే ఇంధనంలో విద్యుత్తు ఐదో వంతు చుట్టూ ఉంటుంది. మిగిలినదాంట్లో అత్యధికం వాహనాల్లో, పరిశ్రమల్లో, ఇళ్లలో నేరుగా మండిపోయే ఇంధనమే. పైగా ఆ 30 శాతంలో దాదాపు సగం జల విద్యుత్తుది. గాలి, ఎండ కలిపి ఇచ్చింది 13 శాతం పైచిలుకు.

ఈ అంకెలు చూసి నిరుత్సాహపడవలసిన పని లేదు. మండించే ఇంధనంలో పెద్ద భాగం వేడిగా వృథా అవుతున్న సంగతిని ప్రాథమిక ఇంధనపు లెక్క కప్పిపుచ్చుతుంది. పెట్రోలు కారులో ఇంధన శక్తిలో నాలుగో వంతుకు మించి చక్రాలదాకా చేరడం అరుదు. బ్యాటరీ కారులో నాలుగింట మూడు వంతులకు పైగా చేరుతుంది. హీట్ పంప్ ఒక యూనిట్ విద్యుత్తుతో బయటి గాలిలోని వేడిని లాగి, మూడు నాలుగు యూనిట్ల వేడిని లోపలికి అందిస్తుంది. అంటే ఇప్పుడు తగలబెడుతున్న ప్రతి జౌలుకూ బదులుగా మరొక జౌలును వెతకనవసరం లేదు. వాడే పద్ధతిని మార్చడమే ఎంపికల పట్టికలో మొదటి వరుసలో ఉండాలి. పోలికలు చేసేవారు తరచూ మరచిపోయేది కూడా ఈ వరుసనే.

కిలోవాట్ వేరు, యూనిట్ వేరు

వనరులను పక్కపక్కన పెట్టేటప్పుడు జరిగే పొరపాట్లలో అతి పెద్దది, స్థాపిత సామర్థ్యాన్ని ఉత్పత్తిగా భావించడం. ఒక కిలోవాట్ సామర్థ్యం ఏడాదిలోని 8,760 గంటలూ పూర్తిగా పనిచేస్తే 8,760 యూనిట్లు ఇవ్వాలి. సౌర ఫలకాలు చోటును బట్టి ఇందులో 10 నుంచి 25 శాతం ఇస్తాయి. భూమి మీది గాలిమరలు 25 నుంచి 40 శాతం, సముద్రంలో నిలిపినవి 40 నుంచి 50 శాతం ఇవ్వగలవు. అణు కేంద్రాలు, భూగర్భపు వేడితో నడిచే భూతాప కేంద్రాలు మంచి స్థితిలో ఉంటే 80 శాతం దాటుతాయి. కాబట్టి 18 శాతం దగ్గర ఒక కిలోవాట్ సౌర సామర్థ్యం ఏడాదికి దాదాపు 1,580 యూనిట్లు ఇస్తుంటే, 85 శాతం దగ్గర అంతే సామర్థ్యమున్న అణు కేంద్రం 7,450 యూనిట్ల దాకా ఇస్తుంది. వెయ్యి మెగావాట్ల సౌర కేంద్రం వెయ్యి మెగావాట్ల అణు కేంద్రానికి సమానమని ఎవరైనా చెబితే, వారు నాలుగైదు రెట్ల తేడాను దాటవేస్తున్నారన్నమాట.

దీనికి ఎదురుగా ఇంకొక పొరపాటు కూడా ఉంది. శాతం తక్కువ గనుక సౌర విద్యుత్తు పనికిరాదనడం అంతే తప్పు. ఎండకు ఖరీదు లేదు. లెక్కకు రావలసింది యూనిట్‌కు అయ్యే ఖర్చు, ఆ యూనిట్ ఏ వేళకు అందుతుందన్నది.

ఎండ, గాలి

కాంతి పడితే విద్యుత్తు పుడుతుందన్న సంగతిని ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఎడ్మండ్ బెకెరెల్ 1839లోనే గమనించినా, వాడకానికి పనికొచ్చే సిలికాన్ ఘటాన్ని (సోలార్ సెల్) అమెరికాలోని బెల్ ప్రయోగశాల చూపింది 1954లో. అప్పట్లో అది తన మీద పడిన కాంతిలో 6 శాతాన్ని మాత్రమే విద్యుత్తుగా మార్చేది. ఇప్పుడు మార్కెట్లో దొరికే ఫలకాలు 20 శాతం దాటాయి. ఒకే పొర సిలికాన్‌కు సిద్ధాంత రీత్యా ఉన్న హద్దు 33 శాతం లోపే. ఈ వనరు ఇంత వేగంగా ముందుకు రావడానికి సామర్థ్యం పెరగడం కన్నా ధర పడిపోవడమే పెద్ద కారణం. 2010 నుంచి 2023 మధ్య సౌర విద్యుత్తు ఖర్చు పదో వంతు దరిదాపులకు దిగివచ్చింది. ఇంధన చరిత్రలో ఇంత పతనం అరుదు. అయితే ఫలకాల తయారీ దశలన్నిటిలోనూ 80 శాతానికి పైగా చైనాలోనే ఉండడం వల్ల, చౌకదనంతోపాటు ఒకే చోటి మీద ఆధారపడే చిక్కు కూడా వెంట వచ్చింది.

ఫలకం మీద ముద్రించిన వాట్లు ప్రయోగశాలలో 25 డిగ్రీల ఉష్ణోగ్రత దగ్గర కొలిచినవి. ఫలకం అంతకు మించి వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. అందువల్ల మండే ఎండ కన్నా, చల్లని గాలి వీచే నిర్మలమైన రోజు మేలు. భూమధ్యరేఖకు దూరం వెళ్లేకొద్దీ ఋతువుల మధ్య అంతరం పెరుగుతుంది. జర్మనీ వంటి చోట డిసెంబరులో వచ్చే సౌర విద్యుత్తు జూన్‌లో వచ్చినదానిలో ఐదో వంతు కూడా ఉండదు. ఏడాది సగటు చూసి ఎంచుకున్నవారు అక్కడ చలికాలంలో చిక్కుల్లో పడతారు.

అదే ఉత్తర ఐరోపాలో గాలి చలికాలంలోనే బలంగా వీస్తుంది. కాబట్టి ఎండ, గాలి రెండూ అక్కడ ఒకదాని లోటును ఒకటి కొంతవరకు పూడుస్తాయి. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న పట్టుదల చాలాచోట్ల అనవసరం. గాలి విషయంలో మరువరాని సూత్రం ఒకటుంది: గాలిలోని శక్తి వేగపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సెకనుకు 6 మీటర్ల గాలి వీచే చోటుకు, 8 మీటర్ల గాలి వీచే చోటుకు మధ్య తేడా మూడో వంతే అనిపించినా, శక్తిలో అది దాదాపు 2.4 రెట్లు. ఎంత గొప్ప యంత్రమైనా వీచే గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీసుకోలేదని జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ నిరూపించాడు. కాబట్టి యంత్రం మీద బేరమాడే ముందు చోటును కనీసం ఒక ఏడాది కొలవడం తెలివైన పని. 1991లో డెన్మార్క్ వారు విండెబీ దగ్గర 11 గాలిమరలతో సముద్రంలో తొలి పవన క్షేత్రం కట్టారు. ఇప్పుడు ఆ దేశం తన విద్యుత్తులో సగానికి పైగా గాలి నుంచే తీస్తోంది. కానీ గాలి పడిపోయిన రోజున డెన్మార్క్‌ను ఆదుకునేవాటిలో నార్వే జలాశయాలు ముఖ్యమైనవి. పొరుగున అలాంటి తోడు లేని దేశం డెన్మార్క్ అంకెను మాత్రమే అరువు తెచ్చుకుంటే సరిపోదు.

నీరు

జల విద్యుత్తుకు ఉన్న గొప్ప గుణం మాట వినడం. తూము తెరిస్తే కొద్ది నిమిషాల్లో విద్యుత్తు వస్తుంది, మూస్తే ఆగుతుంది. చైనాలోని త్రీ గోర్జెస్ కేంద్రం సామర్థ్యం 22,500 మెగావాట్లు. ప్రపంచంలో ఏ రకం విద్యుత్ కేంద్రమూ అంత పెద్దది లేదు. కానీ జలాశయాలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. బ్రెజిల్, పరాగ్వేల సరిహద్దులోని ఇతైపూ జలాశయం సుమారు 1,350 చదరపు కిలోమీటర్లలో పరచుకొని 14,000 మెగావాట్లకు ఆధారమైంది. అదే బ్రెజిల్‌లో, అమెజాన్ అడవిలో కట్టిన బల్బీనా జలాశయం 2,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని ముంచి, 250 మెగావాట్ల సామర్థ్యమే ఇచ్చింది. మునిగిన చెట్లు కుళ్లి మీథేన్ వాయువు వెలువడింది. పునరుత్పాదకం అన్న ఒకే ముద్ర ఈ రెండింటి మీదా ఉంది. ముద్రను చూసి ఎంచుకోరాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

వానను నమ్ముకోవడం ఇంకొక బలహీనత. 2001లో బ్రెజిల్ అనావృష్టి వల్ల విద్యుత్ వాడకంపై కోటాలు పెట్టవలసి వచ్చింది. 2024లో కరీబా జలాశయం అడుగంటి జాంబియా దీర్ఘమైన కోతలు భరించింది. జల విద్యుత్తు మీద అత్యధికంగా ఆధారపడిన దేశానికి రెండో వనరుగా సౌర విద్యుత్తు ఎంతో బాగా సరిపోతుందని నా నమ్మకం. వాన లేని ఏడాదిలో ఎండకు కొరత ఉండదు. పగలు ఎండతో నడిపి, నీటిని సాయంత్రానికి దాచుకోవచ్చు.

భూతాపం, పోటుపాట్లు

ఈ రెండింటి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే ఎంపిక మన చేతిలో కన్నా భూమి చేతిలో ఉంది. ఇటలీలోని లార్డెరెల్లో దగ్గర 1904లో భూగర్భపు ఆవిరితో తొలిసారి బల్బులు వెలిగించారు. ఐస్‌లాండ్‌లో పదింట తొమ్మిది ఇళ్లు ఆ వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి, కెన్యా విద్యుత్తులో అతి పెద్ద వాటా దానిదే. రాత్రీ పగలూ ఆగకుండా వచ్చే ఈ వనరు దొరికే నేల ఉన్నవారు రెండో ఆలోచన లేకుండా దీనికే మొగ్గు చూపాలి. సముద్రపు పోటుపాట్ల వేళలు ఏళ్ల ముందే తెలుసు గనుక ఆ విద్యుత్తు నమ్మదగినదే, అయినా ఫ్రాన్స్‌లోని రాన్స్ కేంద్రం 1966లో 240 మెగావాట్లతో మొదలైన తరువాత, దాన్ని దాటిన కొరియాలోని సిహ్వా కేంద్రం 254 మెగావాట్లతో రావడానికి 2011 దాకా పట్టింది. తగిన తీరాలు అంత అరుదు.

జీవ ఇంధనం: ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి

పైరు పెంచి దాన్ని ఇంధనంగా మార్చడం వినడానికి సహజంగా తోస్తుంది. కానీ మొక్కలు తమ మీద పడిన ఎండలో సాధారణంగా ఒక శాతాన్నో అంతకన్నా తక్కువనో పదార్థంగా నిలుపుకుంటాయి. ఆ పదార్థాన్ని ఆల్కహాలుగా మార్చి, ఇంజన్‌లో కాల్చేసరికి చక్రం తిప్పేది అందులో చిన్న ముక్క. అదే నేల మీద ఫలకాలు పెట్టి బ్యాటరీ కారు నడిపితే పదుల రెట్లు ఎక్కువ దూరం పోవచ్చు. తిండి పండే నేలను ఇంధన పంటకు మళ్లించడాన్ని నేను ఏ పరిస్థితిలోనూ సమర్థించలేను. పశువుల పేడ, మురుగు, కోత తరువాత మిగిలే వ్యర్థాల నుంచి తీసే బయోగ్యాస్ మాత్రం వేరే కోవకు చెందుతుంది. అలాగే వదిలేస్తే మీథేన్ గాలిలో కలిసేది, ఇక్కడ వంటకు అందుతుంది, మిగిలిన మడ్డి ఎరువవుతుంది.

కట్టెలు, పిడకలు, బొగ్గుతో వంట చేసే కుటుంబాల్లో ఇప్పటికీ రెండు వందల కోట్లకు పైగా మనుషులున్నారు. ఇంట్లోని ఆ పొగ వల్ల 2020లో 32 లక్షల మంది అకాల మరణం పాలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ మనుషులకు బొగ్గుపులుసు వాయువు లెక్క కన్నా ముందు పొగ లేని పొయ్యి కావాలి. అది విద్యుత్ పొయ్యి అయినా, బయోగ్యాస్ అయినా, కొంతకాలం సిలిండర్ గ్యాస్ అయినా కట్టెపొగ కన్నా మేలే.

అణు విద్యుత్తు

యురేనియం తరిగిపోయే ఖనిజం గనుక అణు విద్యుత్తు పునరుత్పాదకం కాదు. అయినా దాన్ని పోలిక నుంచి తప్పించడం న్యాయం కాదు. వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ సంఘం 2014లో ప్రచురించిన మధ్యస్థ అంచనాల ప్రకారం, నిర్మాణం నుంచి కూల్చివేత దాకా లెక్కిస్తే యూనిట్‌కు వెలువడే కర్బన ఉద్గారాలు బొగ్గుతో 820 గ్రాములు, సహజ వాయువుతో 490, పెద్ద సౌర కేంద్రంతో 48, జల విద్యుత్తుతో 24, అణు విద్యుత్తుతో 12, భూమి మీది గాలిమరతో 11. ఉద్గారాల పరంగా చివరి నాలుగింటి మధ్య తేడా గురించి వాదించుకోవడం కన్నా, వాటిలో ఏది ముందు అందుబాటులోకి వస్తే దానితో బొగ్గును తప్పించడం ముఖ్యం.

అణు విద్యుత్తుకు అసలు పరీక్ష కాలం, పెట్టుబడి. ఫిన్లాండ్‌లోని ఓల్కిలువోటో మూడో రియాక్టరు పని 2005లో మొదలై, వాణిజ్య ఉత్పత్తి 2023లో గాని మొదలు కాలేదు. అలాగని అన్నిచోట్లా అంతే కాదు. అరబ్ ఎమిరేట్స్‌లోని బరకా కేంద్రం పని 2012లో మొదలుకాగా, నాలుగు రియాక్టర్లూ 2024కల్లా నడిచాయి. ఒకే నమూనాను వరుసగా కట్టే అనుభవం, స్వతంత్రంగా నిలబడగల నియంత్రణ సంస్థ, వ్యర్థాలను ఎక్కడ దాచాలో తేల్చిన నిర్ణయం, ఈ మూడూ ఉన్న దేశానికి అణు విద్యుత్తు గట్టి ఎంపిక. చెర్నోబిల్, ఫుకుషిమా ప్రమాదాల తరువాత నియంత్రణ విషయంలో సర్దుబాటు కుదరదు. ఇప్పటికే భద్రంగా నడుస్తున్న కేంద్రాన్ని మూసి, ఆ లోటును బొగ్గుతో పూడ్చడం మాత్రం ఏ లెక్కలోనూ నష్టమే.

నిల్వ, హైడ్రోజన్

నాలుగు గంటల లోటుకు, నాలుగు వారాల లోటుకు మందు ఒకటి కాదు. లిథియం బ్యాటరీలో 100 యూనిట్లు పెడితే 85 నుంచి 90 దాకా తిరిగి వస్తాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో 2017లో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టినప్పుడు అది ప్రపంచంలో అతి పెద్దది. 2024 నాటికి ఒక్క కాలిఫోర్నియా గ్రిడ్‌లోనే బ్యాటరీల సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం మిగిలిన సౌర విద్యుత్తును సాయంత్రానికి జరపడానికి ఇవి చక్కగా సరిపోతాయి. దిగువ నీటిని పైజలాశయానికి తోడి, తిరిగి వదిలే పంప్డ్ స్టోరేజీలో 70 నుంచి 80 యూనిట్లు తిరిగి వస్తాయి. తగిన కొండ దొరికితే ఎక్కువ గంటలకు అది మేలు.

హైడ్రోజన్‌ను వనరుల జాబితాలో చేర్చడం పొరపాటు. అది ఇంకొక చోట పుట్టిన శక్తిని మోసే పాత్ర మాత్రమే, నేడు తయారవుతున్న దానిలో అత్యధికం శిలాజ ఇంధనాల నుంచే వస్తోంది. విద్యుత్తుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ చేసి, దాచి, ఫ్యుయల్ సెల్‌లో మళ్లీ విద్యుత్తుగా మార్చితే 100 యూనిట్లలో మిగిలేవి 30 నుంచి 40. కాబట్టి కారుకు, ఇంటి వేడికి హైడ్రోజన్ సరైన ఎంపిక కాదు. ఎరువుల అమ్మోనియాకు, ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను తొలగించడానికి మాత్రం అది కావాలి; శుద్ధమైన హైడ్రోజన్‌ను ముందు అక్కడికే పంపాలి.

ఎవరు ఏది ఎంచుకోవాలి

దేశం స్థాయిలో నిర్ణయించేవారు ఏడాది సగటును పక్కనపెట్టి, అత్యంత కష్టమైన వారాన్ని ముందు పెట్టుకోవాలి. ఎండ, గాలి రెండూ మందగించి వాడకం పెరిగిన ఆ వారంలో విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేని ప్రణాళిక అసంపూర్ణమైనది. ఆ జవాబు జలాశయం కావచ్చు, అణు కేంద్రం కావచ్చు, భూతాపం కావచ్చు, పొరుగు దేశంతో వేసిన గట్టి లైను కావచ్చు. మిగిలిన యాభై ఒక్క వారాలకు అతి చౌకైన ఎండను, గాలిని వీలైనంత వేగంగా పెంచుకోవచ్చు.

పరిశ్రమ నడిపేవారు తమకు కావలసిన ఉష్ణోగ్రతతో మొదలుపెట్టాలి. 100 డిగ్రీల లోపు వేడికి హీట్ పంపులు, సౌర తాపన పరికరాలు చాలు. వెయ్యి డిగ్రీలు దాటే పనులకు విద్యుత్ కొలిములు గాని, హైడ్రోజన్ గాని చూడాలి.

ద్వీపాలు, మారుమూల ఊళ్లు డీజిల్‌కు భారీ మూల్యం చెల్లిస్తుంటాయి గనుక అక్కడ మార్పు త్వరగా లాభిస్తుంది. స్పెయిన్‌కు చెందిన ఎల్ హియెర్రో ద్వీపంలో 2014 నుంచి గాలిమరలు, రెండు జలాశయాల పంప్డ్ స్టోరేజీ కలిసి పనిచేస్తున్నాయి. వరుసగా కొన్ని రోజులు డీజిల్ లేకుండా గడిపిన ఘనత ఆ ద్వీపానిది. ఏడాది లెక్కలో మాత్రం పునరుత్పాదక వాటా సగం అటూఇటూగానే ఉంటూ వచ్చింది. నిల్వ గంటలకు, రోజులకు సరిపోయినా, గాలి లేని నెలలకు సరిపోలేదు. ఇలాంటి చోట గాలితోపాటు ఎండను కలపడం, పాత డీజిల్ యంత్రాలను కొన్నాళ్లు ఆసరాగా ఉంచడం వివేకం.

ఇంటివారు మొదట వేడి నీటి సంగతి చూసుకోవాలి. నీళ్లు కాచే సౌర పరికరం పడిన ఎండలో సగం దాకా వేడిగా పట్టుకుంటుంది, ఫలకం ఐదో వంతునే విద్యుత్తుగా మారుస్తుంది. అందువల్ల కప్పు చిన్నదైతే ఈ తేడా ముఖ్యం. ఇంటి కప్పు మీద చిన్న గాలిమర పెట్టాలన్న ఆలోచన మానుకోవడం మంచిది, భవనాల మధ్య గాలి సుడులు తిరుగుతూ బలహీనంగా ఉంటుంది. ఫలకాలు పెట్టదలచినవారు చలికాలపు మధ్యాహ్నం కప్పు మీద ఏ నీడ ఎక్కడ పడుతుందో స్వయంగా చూడాలి, ఎందుకంటే ఒక ఫలకం మీద పడిన నీడ, దానితో వరుసగా కలిపిన ఫలకాల ఉత్పత్తిని కూడా తగ్గించగలదు. ఫలకాలు పాతికేళ్లు నిలిచినా, వాటి విద్యుత్తును ఇంటి వాడకానికి తగినట్టు మార్చే ఇన్వర్టర్‌ను మధ్యలో ఒకసారి మార్చవలసి వస్తుందని ఖర్చులో వేసుకోవాలి. చాలామంది కొన్న తరువాత గాని తెలుసుకోని విషయం మరొకటుంది: గ్రిడ్‌కు కలిపిన సాధారణ ఇన్వర్టర్, లైన్ల మీద పనిచేసే సిబ్బంది భద్రత కోసం, గ్రిడ్‌లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నడినెత్తిన ఎండ ఉన్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కోతల వేళ విద్యుత్తు కావాలనుకునేవారు బ్యాటరీతో విడిగా నడవగల ఇన్వర్టర్‌నే అడిగి తీసుకోవాలి, ఆ మాటను ఒప్పంద పత్రంలో రాయించుకోవాలి.